టెన్నిస్ కోచింగ్ బాగుంది, బంతులే లేవట్లేదు: నెల్లూరు నుంచి ఒక రివ్యూ

ముందు మార్కులు వేసేస్తాను, అంతా చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. కోచ్‌కి అయిదుకి నాలుగున్నర. కోర్టుకి రెండున్నర. బంతులకి ఒకటి, అది కూడా మొహమాటానికి. నెల్లూరు టౌన్‌లోనే ఉన్న ఒక ప్రైవేట్ టెన్నిస్ కోచింగ్ సెంటర్ గురించి రాస్తున్నా. పేరు రాయట్లేదు. పొగడ్తలన్నీ కోచ్‌కి, తిట్లన్నీ ఓనర్‌కి, కానీ పేరు రాస్తే ఆ తిట్లు కూడా తిరిగి తిరిగి కోచ్ నెత్తినే పడతాయి, జీతానికి పనిచేసే మనిషి, మనకెందుకొచ్చిన గొడవ. అయినా మీరు ఏ సెంటర్‌కి పోయినా చూసుకోవాల్సినవి ఇవే కాబట్టి పేరు లేకపోయినా పనికొస్తుంది.

మావాడు అయిదో తరగతి, సాయంత్రం పిల్లల బ్యాచ్. వాణ్ణి చేర్పించడానికి పోయి, పొద్దున లేడీస్ బ్యాచ్ కూడా ఉందంటే నేనూ చేరాను. మా ఆయన షటిల్ మనిషి, "ఆ ఎండలో టెన్నిస్ ఏంది, ఏసీ లేకపోయినా నెత్తిన రేకులన్నా ఉండాలి కదా" అని ఆయన గోల ఆయనది. నిజమే, ఇప్పుడు నెల్లూరులో ఏ సందులోకి తొంగిచూసినా షటిల్ కోర్టే. మా బ్యాచ్‌లో సగం మంది అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళే. షటిల్‌లో కాక్ కింద పడిందంటే పాయింట్ పోయినట్టే, అందుకని పడకముందే ఎగబడి కొట్టడం వాళ్ళకి ఒంటికి పట్టేసి ఉంటుంది. టెన్నిస్‌లో సరిగ్గా ఆ అలవాటే కొంప ముంచుతుంది. ఇక్కడ బంతిని ఒకసారి నేల మీద పడనిచ్చి, లేచాక, రెండోసారి పడేలోపు కొట్టాలి. గాల్లో కొట్టకూడదని కాదు, కొట్టొచ్చు, దాన్ని వాలీ అంటారు, అవతలివాళ్ళ సర్వీస్‌ని, అంటే పాయింట్ మొదలుపెడుతూ వాళ్ళు కొట్టే బంతిని మాత్రం పడ్డాకే కొట్టాలి. కానీ వెనకాల గీత దగ్గర, అదే బేస్‌లైన్ దగ్గర నిలబడి ఆడే ఆటంతా పడ్డాక కొట్టేదే. గ్రౌండ్ స్ట్రోక్ అనేది దాన్నే. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ముప్పాతిక వంతు ఆట అదే, అది రాకుండా సర్వీస్ ఎంత బాగా చేసినా ఒరిగేదేమీ లేదు.

అందుకే నేను కోచింగ్ సెంటర్‌ని దీంతోనే కొలుస్తాను. బంతి పడ్డాక ఏం చేయాలో ఎంత ఓపిగ్గా నేర్పుతున్నారు, ఆ పడ్డ బంతి సరిగ్గా లేచేలా కోర్టూ బంతులూ ఉంచుతున్నారా లేదా. మొదటి దాంట్లో ఈ సెంటర్‌కి వంక పెట్టలేం. రెండో దాంట్లో మాత్రం పైన పటారం లోన లొటారం.

కోచ్ ఒంగోలు వైపు మనిషి. అరవడు, విజిల్ ఊదడు, ఫోన్ చూడడు. ఈ మూడోది ఈ రోజుల్లో ఎంత పెద్ద విషయమో పిల్లల్ని ఏదో ఒక కోచింగ్‌కి పంపే ప్రతి తల్లికీ తెలుసు. చేరిన కొత్తలో మాకు అసలు బ్యాట్ చేతికివ్వలేదు. ఆయన అవతలి నుంచి బంతి వేస్తాడు, అది మన ముందు పడుతుంది, లేస్తుంది, పైకి పోయి మళ్ళీ కిందికి దిగుతూ నడుము దగ్గరికి వచ్చినప్పుడు ఒంటి చేత్తో, ఒంటికి ముందుగా పట్టుకోవాలి. చేయి వెనక్కి పోతే లెక్కలోకి రాదు, రెండో చేయి సాయం రాకూడదు. "ఫీజు కట్టింది క్యాచ్‌లు పట్టుకోవడానికా" అని ఒకావిడ గొణిగింది కూడా. చూట్టానికి చిన్నపిల్లల ఆటలాగే ఉంటుంది గానీ, అలా పట్టుకోవాలంటే ముందు కాళ్ళు కదలాలి. బంతి ఎక్కడ పడబోతోందో, పడ్డాక ఎంత దూరం వస్తుందో లెక్క కట్టి చిన్న చిన్న అడుగులతో అక్కడికి చేరాలి. నిలబడ్డ చోటే చేయి చాస్తే బంతి పక్కనుంచి జారిపోతుంది, లేదా వచ్చి పొట్టకి తగులుతుంది. చేయి కాదు, కాళ్ళు కొడతాయి ఈ ఆటని అని ఆయన నోటితో చెప్పలేదు, మాకే అర్థమయ్యేదాకా ఆ బంతులు వేస్తూనే ఉన్నాడు.

బ్యాట్ ఇచ్చాక మళ్ళీ పాత రోగమే. బంతి కిందపడి పైకి లేస్తుండగానే ఎగబడటం. అప్పుడు ఆయన అన్న మాట మా బ్యాచ్‌లో ఊతపదం అయిపోయింది: "బస్సు ఆగకముందే ఎక్కబోతారేందమ్మా? ఆగినాక ఎక్కండి, యాడికీ పోదు." నిజంగానే పడి లేచిన బంతి ఒక ఎత్తుకి పోయాక ఒక్క క్షణం ఆగినట్టే ఉంటుంది. అక్కడ కొట్టినా, అది కాస్త దిగి నడుము దగ్గరికి వచ్చాక కొట్టినా కొత్తవాళ్ళకి బ్యాట్ సరిగ్గా తగులుతుంది. లేస్తుండగా కొట్టడం పెద్దవాళ్ళ పని. అమెరికా ఆటగాడు ఆండ్రీ అగస్సీ అలాగే ఆడేవాడు, గీత మీదే నిలబడి బంతి పూర్తిగా లేవకముందే వాయించి అవతలివాడికి ఊపిరాడనిచ్చేవాడు కాదు, కానీ దానికి కంటిచూపు అలా ఉండాలి, చిన్నప్పటి నుంచీ కొట్టిన లక్షల బంతులు ఒంట్లో ఉండాలి. మాలాంటివాళ్ళని మాత్రం బేస్‌లైన్‌కి రెండు మూడు అడుగులు వెనక నిలబడమంటాడు, బంతి లేచి దిగడానికి చోటు ఉండాలి కదా. ఆ చోటు వదలకుండా గీత మీదే అతుక్కుని నిలబడితే లోతుగా వచ్చిన ప్రతి బంతీ కాళ్ళలోకే వస్తుంది.

ఇంకో పద్ధతి ఉంది, అది నాకు భలే నచ్చింది. బంతి నేలని తాకిన క్షణంలో "పడింది" అనాలి, బ్యాట్‌కి తగిలిన క్షణంలో "కొట్టా" అనాలి, పైకి, గట్టిగా. బయట రోడ్డు మీద పోయేవాళ్ళు ఏదో భజన జరుగుతోందనుకుంటారు. ప్రపంచమంతా కోచ్‌లు వాడే చిట్కానే, ఇంగ్లీషులో బౌన్స్, హిట్ అనిపిస్తారు, ఈయన తెలుగులో పెట్టాడు. ఇందులో కిటుకేంటంటే, మనం కంగారుపడుతున్నామా లేదా అన్నది మన నోరే బయటపెట్టేస్తుంది. బంతి ఇంకా గాల్లో ఉండగానే "పడింది" అనేస్తే కన్ను బంతి మీద లేనట్టు, మన ఊహ మీద ఉన్నట్టు. "కొట్టా" అన్నది బంతి తగిలాక ఎప్పటికో వస్తే బ్యాట్ ఆలస్యంగా వెనక్కి తీసినట్టు. కోచ్ అవతల నిలబడి మన బ్యాట్‌ని కాదు, మాటని వింటాడు. "ఇందాక మూడోది తొందరగా అన్నారు చూడండి" అంటాడు. బ్యాట్ వెనక్కి తీయడం గురించి కూడా ఒకటే సూత్రం చెప్తాడు, "పడింది" అనేసరికే భుజం తిరిగి, బ్యాట్ వెనకాల సిద్ధంగా ఉండాలి, పడ్డాక మొదలుపెడితే అది విసరడం అవుతుందే గానీ కొట్టడం కాదు. అలాగే అవతలివాళ్ళు కొడుతున్న క్షణానికి మనం ఒక చిన్న గెంతు గెంతి రెండు కాళ్ళ మునివేళ్ళ మీద దిగాలి, ఎటు కావాలంటే అటు కదలడానికి. ఇవన్నీ కలిపి ఒకేసారి చెప్పడు, ఒకటి కుదిరాకే ఇంకోటి. ఆ ఓపికకే నాలుగున్నర వేసింది. మిగతా అర ఎందుకు కోశానంటే బ్యాక్‌హ్యాండ్ (బ్యాట్ పట్టిన చేతికి అవతలి పక్క వచ్చిన బంతిని కొట్టేది) నేర్పేటప్పుడు మాత్రం ఎందుకో హడావిడి పడతాడు, ఆయన మనసంతా ఫోర్‌హ్యాండ్ (బ్యాట్ చేతి పక్కనే కొట్టేది) మీదే.

ఫోర్‌హ్యాండ్ అంటే గుర్తొచ్చింది, మన సానియా మీర్జా బలమంతా అదే కదా. 2015లో స్విట్జర్లాండ్ ఆటగత్తె మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ డబుల్స్ గెలిచినప్పుడు వెనక నుంచి సానియా పడ్డ బంతిని పడ్డట్టు బాదుతుంటే ముందు నెట్ దగ్గర హింగిస్ ముగించేది. మా కోచ్ ఆ మ్యాచ్‌ల ముక్కలు పిల్లలకి ఫోన్‌లో చూపిస్తాడు, (ఫోన్ చూడడని ఇందాక రాశాను, ఇది వేరే లెక్క). సానియా మణికట్టు చూడబాకండి, అది అందరికీ రాదు, పాదాలు చూడండి అంటాడు.

టాప్ స్పిన్ సంగతి కూడా మొదటి నుంచే కలిపి చెప్తున్నాడు, అది మంచి పని. బ్యాట్‌ని బంతి కంటే కిందనుంచి మొదలుపెట్టి పైకి రాసుకుంటూ పోతే బంతి ముందుకి తిరుగుతూ పోతుంది, అలా తిరిగే బంతిని గాలి కిందికి తోస్తుంది, అందుకని గట్టిగా కొట్టినా నెట్ మీదుగా ఎత్తులో దాటి, వచ్చి గీత లోపల దిగుతుంది. పడ్డాక మళ్ళీ పైకి తన్నుకుని లేస్తుంది. రఫెల్ నాదల్ ఫ్రెంచ్ ఓపెన్ 14 సార్లు గెలవడానికి సగం కారణం ఇదే, అక్కడి మట్టి కోర్టు మీద బంతి మామూలుగానే ఎత్తు లేస్తుంది, దానికి ఆయన స్పిన్ తోడైతే అవతలివాళ్ళు భుజం మీద బంతిని కొట్టుకోవాల్సి వచ్చేది. వింబుల్డన్ గడ్డి మీద ఇదే బంతి తక్కువ లేచి జారుకుంటూ వస్తుంది. మా సిమెంటు కోర్టు ఈ రెంటికీ మధ్యలో. కోర్టు మారితే బంతి లేచే తీరు మారుతుంది, తీరు మారితే నిలబడే చోటు మారుతుంది, ఆట అంతా దాని చుట్టూనే అని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఇదివరకు టీవీలో చూసేటప్పుడు ఎవరు గెలిచారా అని తప్ప ఇంకేం చూసేదాన్ని కాదు.

రూల్స్ దగ్గర ఒక రోజు పెద్ద పంచాయితీ అయింది, చెప్పాల్సిందే. మాలో ఒకావిడ బేస్‌లైన్‌కి బాగా వెనక నిలబడి ఉంది. బంతి ఎత్తుగా, ఎటు చూసినా అవుట్‌కి పోయేలాగే వస్తోంది. ఆవిడ చక్కగా గాల్లోనే చేత్తో పట్టుకుని, బంతి అవతలికి విసిరి, "పాయింట్ మాది" అంది. కోచ్ కాదన్నాడు. "అవుట్‌కి పోయేదే కదా సార్!" "పడలేదు కదమ్మా. పడేదాకా అది అవుట్ కాదు. పట్టుకున్నారు కాబట్టి పాయింట్ వాళ్ళది." ఆవిడ ఒప్పుకుంటేనా. మర్నాటికి వాళ్ళబ్బాయిని అడిగి, ఇంటర్నెట్‌లో వెతికించి, చివరికి కోచ్ మాటే నిజమని తెలిసి, "ఇదేం రూలండీ, అన్యాయం" అని రూల్ మీద కోపం పెట్టుకుంది. నిజంగా రూలే అది, కోర్టు బయట నిలబడి ఉన్నా సరే, బంతి పడకముందు మనకి తగిలితే పాయింట్ పోయినట్టే. గీత మీద పడితే లోపల పడినట్టు. వీల్‌చైర్ టెన్నిస్‌లో అయితే బంతి రెండుసార్లు పడొచ్చు, ఆ రెండోసారి కోర్టు బయట పడినా ఫరవాలేదు. ఇది కూడా ఆ గొడవలోనే తెలిసింది, మంచిదే.

ఇక బంతుల దగ్గరికి వద్దాం.

ఇంత శ్రద్ధగా బంతి పడ్డాక ఎలా కొట్టాలో నేర్పే చోట, పడ్డ బంతి లేవకపోతే ఏం చేయాలి? కోర్టు పక్కన రెండు పెయింట్ బకెట్ల నిండా బంతులు ఉంటాయి. పచ్చరంగు పోయి బూడిదరంగుకి తిరిగాయి, కొన్నిటికి పైన బొచ్చు అరిగి గుండులా ఉంటే కొన్నిటికి బొచ్చు లేచి కోడిపిల్లల్లా ఉన్నాయి. చేత్తో నొక్కితే లోపలికి పోతాయి. టెన్నిస్ బంతి లోపల గాలి ఒత్తిడితో నింపి ఉంటుంది, డబ్బా మూత తీసినప్పుడు వచ్చే ఆ బుస్సుమనే చప్పుడు అందుకే. మూత తీసిన దగ్గర్నుంచి ఆ ఒత్తిడి రబ్బర్లోంచి మెల్లగా బయటికి పోతూనే ఉంటుంది, ఆడినా ఆడకపోయినా. పెద్ద టోర్నమెంట్లలో ఒకే మ్యాచ్‌లో మొదటి ఏడు గేమ్‌లకి (గేమ్ అంటే మ్యాచ్‌లో ఒక చిన్న భాగం) ఒకసారి, తర్వాత ప్రతి తొమ్మిది గేమ్‌లకి ఒకసారి కొత్త బంతులు మారుస్తారు. మనకి అంత వైభోగం అక్కర్లేదు, కానీ ఇక్కడి బంతులు ఎప్పటివో ఓనర్‌కి కూడా గుర్తున్నట్టు లేదు.

ఊరికే అనడం ఎందుకని ఇంట్లో కొలిచి చూశాం. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య లెక్క ప్రకారం బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి సిమెంటు నేల మీదకి వదిలితే అది 135 నుంచి 147 సెంటీమీటర్ల మధ్య లేవాలి. టైలర్ టేపుతో మా వరండా గోడ మీద పెన్సిల్ గీతలు పెట్టాను, మా ఆయన స్టూల్ ఎక్కి పైనుంచి వదిలాడు, మావాడు కింద కూర్చుని ఫోన్‌లో స్లో మోషన్ తీశాడు. కొత్త డబ్బాలోది చక్కగా 140 గీత దాకా వచ్చింది. కోచింగ్ సెంటర్ బకెట్లోంచి మావాడు సంచిలో వేసుకొచ్చిన బంతి (అడిగే తెచ్చాడు) 100 గీతని కూడా అందుకోలేదు. మా ఆయన మళ్ళీ మళ్ళీ వదిలాడు, నమ్మకం కుదరక. అదే రకం. కొత్త బంతి నా భుజాల పైదాకా వస్తే ఇది నడుము దగ్గర ఆగిపోతోంది. ఇంక కోర్టులో లేచినదాన్ని నడుము దగ్గర కొట్టమంటే ఎక్కడ కొడతాం? అది మోకాళ్ళ దగ్గరికి వచ్చేసి ఉంటుంది, వంగి తోడుకోవాల్సిందే.

ఈ సంగతి ఓనర్‌కి చెప్పాను. ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "పాతవైతే పిల్లలకి తక్కువ ఎత్తు లేస్తాయి మేడం, వాళ్ళకి అదే మంచిది, ఫారిన్‌లో కూడా పిల్లలకి లేవని బంతులే ఇస్తారు" అన్నాడు. తెలివైన సమాధానమే, సగం నిజం కూడా. పదేళ్ళలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపుపచ్చ బంతి వాడకూడదని 2012 నుంచి రూల్ ఉంది. వాళ్ళకి ఎరుపు, ఆరెంజ్, గ్రీన్ అని వేరే బంతులు ఉంటాయి. ఆరెంజ్ బంతిని అదే ఎత్తు నుంచి వదిలితే 105 నుంచి 120 దాకా లేస్తుంది, ఎరుపుది ఇంకా తక్కువ. పిల్లాడి నడుము ఎత్తుకి బంతి రావాలని, నెత్తిమీద నుంచి పోకూడదని ఆ ఏర్పాటు. కానీ ఆ బంతులు తక్కువ లేవడం ఒక్కటే కాదు, తేలిక కూడా. మామూలు బంతి 56 గ్రాములకి పైమాటే, ఆరెంజ్‌ది 47 గ్రాములకి లోపే. గాలిపోయిన పాత మామూలు బంతి తక్కువ లేస్తుంది నిజమే, బరువు మాత్రం తగ్గదు కదా. పైగా బ్యాట్ మీద నుంచి కూడా సరిగ్గా పోదు, పోవాలంటే ఇంకా గట్టిగా బాదాలి, ఆ భారమంతా ఎవరి మోచేతి మీద? చిన్న చేయి అది. మావాడు ఒక వారం చేయి నొప్పి అన్నాడు, నేను ఆరెంజ్ బంతులు తెప్పించి ఇచ్చాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఇంకో చిత్రం, ఆ బంతులతో ఆడటం మొదలుపెట్టిన రోజునే వాడి "పడింది, కొట్టా" రెండూ సరైన చోట పడ్డాయి. కోచ్ చూసి నవ్వి ఊరుకున్నాడు. ఆయనకి తెలియక కాదు, ఆయన చేతిలో లేదు.

మూడు బంతుల డబ్బా నాలుగైదు వందలు. నెల ఫీజు ఒక్కొక్కరికి రెండున్నర వేలు. బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారో మీరే చూసుకుని లెక్క వేసుకోండి, నాకు బీపీ పెరుగుతుంది.

కోర్టు సంగతి. ఒకప్పుడు సిమెంటు మీద రంగు పూత బాగానే వేశారు, ఇప్పుడు నెట్‌కి ఎడమవైపు సర్వీస్ బాక్స్‌లో (సర్వీస్ బంతి పడాల్సిన గడిలో) అడ్డంగా పగులు ఉంది. బంతి దాని మీద పడిందంటే ఎటు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. మేము ఆ పగులుని తెలిసినవాళ్ళం కాబట్టి అటే కొడతాం, ఆట కాదు గానీ పాయింట్లు వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరులో వానలు ఎలా ఉంటాయో కొత్తగా చెప్పక్కర్లేదు, వాయుగుండం అన్నారంటే వారం పోయినట్టే. వాన వెలిశాక కూడా మూలల్లో నీళ్ళు నిలుస్తాయి, వాటం సరిగ్గా లేదు. వైపర్ ఉంది, లాగే మనిషి లేడు, పిల్లలే లాగుతారు, వాళ్ళకి అదో సంబరం. తడిసిన బంతి బరువెక్కి అసలే లేవదు. ఇక వాన పడిన సాయంత్రం లైట్లు వేశారా, ఉసుళ్ళు. వేలకి వేలు. లైటు కింద నిలబడి సర్వీస్ చేయడానికి తల పైకెత్తితే నోట్లోకీ కళ్ళలోకీ. కింద రాలిన రెక్కల మీద బూటు జారుతుంది. ఆ వారాల్లో సాయంత్రం బ్యాచ్‌ని ఆపేసి పొద్దునకి మార్చమని తల్లులందరం అడిగాం, మార్చారు, అది ఒప్పుకోవాలి.

మే నెలలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. వేడికి కొత్త బంతి మామూలు కంటే ఎక్కువ లేస్తుంది, రబ్బరూ లోపల గాలీ వేడెక్కి బంతికి ఊపొస్తుంది. రోహిణి కార్తెలో సాయంత్రం అయిదింటికి కూడా నేల మీంచి సెగ కొడుతుంటుంది, సముద్రపు గాలి తగిలేదాకా ఎవరూ మనుషుల్లా ఉండరు. ఆ రోజుల్లో ఎవరైనా కొత్త డబ్బా తెస్తే బంతులు భుజాల మీంచి పోతుంటాయి, అదే బకెట్ బంతులైతే చల్లటి పొద్దుటి కంటే కాస్త మెరుగ్గా లేస్తాయి. ఓనర్ బంతులు మార్చడానికి బదులు ఎండాకాలం కోసం ఎదురుచూస్తున్నాడేమో అని మా బ్యాచ్‌లో జోకు.

నెట్ మధ్యలో కిందికి లాగి కట్టే పట్టీ తెగిపోయి చాలా కాలమైంది. నెట్ మధ్యలో 91 సెంటీమీటర్లు, రెండు పక్కల స్తంభాల దగ్గర 107 ఉండాలి. అందుకే మధ్యలోంచి, ఐమూలగా కొట్టమని కోచ్ చెప్పేది, అక్కడ నెట్ తక్కువ, పైగా ఐమూల కాబట్టి బంతి దిగడానికి చోటు ఎక్కువ. పట్టీ లేకపోతే ఈ పాఠం అంతా గాల్లో కలిసినట్టే, ఒక రోజు మధ్యలో కిందికి వేలాడుతుంది, ఎవరో తాడు బిగిస్తే ఇంకో రోజు తాటిచెట్టంత. కోచ్ రోజూ ఒక బ్యాట్ నిలువుగా పెట్టి, దాని మీద ఇంకో బ్యాట్ తలని అడ్డంగా పెట్టి ఎత్తు చూసుకుని, తన దగ్గరున్న నైలాన్ తాడుతో కట్టుకుంటాడు. పట్టీ ధర ఎంతో కనుక్కోలేదు గానీ కొంపలు అంటుకునేంత అయితే ఉండదు.

పొద్దున మాకంటే ముందు రిటైరైన పెద్దాయన్ల డబుల్స్ ఉంటుంది. వాళ్ళని చూడటం ఒక వినోదం. లియాండర్ పేస్ 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన రోజుల్లో బ్యాట్ పట్టినవాళ్ళు అంతా, నలుగురూ నెట్ దగ్గరే ఉంటారు, బంతిని కింద పడనివ్వరు. పడితే పరుగెత్తాలి కదా. మాకు కోచ్ బౌన్స్ గురించి చెప్తుంటే ఒకాయన టవల్ భుజాన వేసుకుని, "ఇదంతా ఎందుకమ్మాయ్, ముందుకొచ్చి తలుపు మూసెయ్" అని, అంటే నెట్ దగ్గరే గాల్లో కొట్టెయ్యమని, ఉచిత సలహా ఇచ్చిపోతాడు. కోచ్ నమస్కారం పెట్టి, ఆయన గేటు దాటాక "ముందు పడ్డది కొట్టండి, పడంది తర్వాత" అంటాడు. మంచి మనుషులే, నీళ్ళ క్యాన్ వాళ్ళే పెట్టించారు.

ఆడవాళ్ళకి ఎలా ఉంటుందని అడిగేవాళ్ళ కోసం: పొద్దున పూట ఏ ఇబ్బందీ లేదు, కోచ్ మర్యాదస్తుడు, గ్రిప్ సరిచేయాలన్నా తన బ్యాట్ పట్టుకుని చూపిస్తాడే తప్ప చేయి పట్టుకోడు. చుడీదార్‌తో వచ్చేవాళ్ళూ ఉన్నారు, ట్రాక్ ప్యాంట్‌తో వచ్చేవాళ్ళూ ఉన్నారు, ఎవరూ ఎవర్నీ చూడరు. బాత్రూమ్ ఉంది, గడియ పడదు, ఒకరు బయట కాపలా ఉండాలి. బండ్లు పెట్టుకోవడానికి చోటు ఉంది, కారు తెస్తే మాత్రం రోడ్డు మీదే. బూట్లు మాత్రం వాకింగ్‌వి వేసుకుని పోకండి, పక్కలకి కదిలే ఆట ఇది, మెత్తటి ఎత్తు అట్టల బూటుతో చీలమండ మడతపడిందంటే నెలరోజులు ఇంట్లోనే. కోర్టు షూస్ అని అడిగితే ట్రంకు రోడ్డు షాపుల్లో చూపిస్తారు. బ్యాట్ కొత్తలో సెంటర్‌దే వాడుకోవచ్చు, అవి ఫరవాలేదు, తీగలు కాస్త వదులు.

చేరాలా వద్దా అంటే, చేరండి. ఈ చుట్టుపక్కల ఇంత నిదానంగా అడుగు అడుగూ నేర్పే మనిషి ఇంకొకరు నాకు కనపడలేదు. వానలు వెనకబట్టాక, సంక్రాంతి అయ్యాక చేరితే మంచిది, ఎండలు ముదిరేలోపు కాళ్ళు కుదురుకుంటాయి. మూడు నెలలకి కలిపి కడితే కొంచెం తగ్గిస్తారు, అడగాలి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. పదేళ్ళలోపు పిల్లలైతే ఆరెంజ్ బంతులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, పెద్దవాళ్ళయితే మామూలు డబ్బా ఒకటి మీరే పట్టుకెళ్ళండి. బంతి మీద పేరు మార్కర్‌తో పెద్ద అక్షరాలతో రాసుకోండి, లేకపోతే సాయంత్రానికల్లా ఆ బకెట్లలో కలిసిపోతాయి.